కుంబా గెలిచిన మడి

వరి చేలో కలుపు తీస్తూ నవ్విన మనిషిని నా బతుకులో ఒక్కతెనే చూశాను. దాని పేరు కుంబా. ఆ రోజు దాని నవ్వు చూసి, పిల్లకు ఎండదెబ్బ తగిలిందని అనుకున్నాం. ఎండదెబ్బే తగిలి ఉంటే ఎంత బాగుండేదో!

కరొలీనాలో ఈ నది ఒడ్డున మా పని తీరు వేరు. ఉత్తరాన పొగాకు చేలల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా మనుషుల్ని తోలుతారట. ఇక్కడ అలా కాదు. తెల్లవారగానే మేస్త్రి సిపియో కొలకర్ర పట్టుకుని వస్తాడు. కొలిచి, నాలుగు మూలలా గూటాలు పాతి, మనిషికో మడి చూపిస్తాడు. ఆ మడి అయిపోతే ఆ పూట నీది. ఇంటి వెనక చిలగడదుంపలు పెట్టుకుంటావో, చేపలు పట్టుకుంటావో, గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంటావో నీ ఇష్టం. ఇది మహా గొప్ప ఏర్పాటని పక్క ఎస్టేటు వాళ్ళు మా మీద కుళ్ళుకునేవారు. బానిసల్ని చూసి కుళ్ళుకునే బానిసలు! నవ్వాలో ఏడవాలో తెలియదు.

సిపియో కూడా మాలాంటి బానిసే. చేతిలో కర్ర ఉంటుంది, నడుముకు కొరడా ఉంటుంది, మెడ మీద మాత్రం హాకెట్ దొర కూర్చుని ఉంటాడు. హాకెట్ అంటే పెద్ద దొర తరఫున మా మీద పెత్తనం చేసే తెల్లవాడు. పెద్ద దొర పట్నంలో ఉంటాడు. మేము ఆయన గుర్రాన్ని చూసినంతగా ఆయన మొహం చూడలేదు.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. పొద్దు బాగా వాలకముందు ఎవరి మడీ పూర్తి కాకూడదు. చేతనైనవాడు కూడా నడుం పట్టుకుని మూలుగుతాడు. పారకు పిడి వదులైందంటాడు, కాలిలో ముల్లు దిగిందంటాడు. ముసలివాళ్ళు ఎలా కదిలితే పడుచువాళ్ళు అలాగే కదులుతారు. ఎవరూ నేర్పలేదు. పక్కవాళ్ళను చూసి ఎవరికి వారే నేర్చుకున్నాం.

నేను మాత్రం మిగతావాళ్ళ కన్నా కొంచెం ముందుగా ముగించి, జూబా మడిలో దిగేదాన్ని. అయిన మడి వాళ్ళు కాని మడి వాళ్ళకు సాయం పడితే ఎవరూ ఏమీ అనరు. జూబా నా కూతురు. అది రెండు కాన్పులు పోగొట్టుకుంది. ఒకటి కలుపుల్లో, ఒకటి కోతల్లో. రెండు బిడ్డలూ నెలలు నిండకుండానే వచ్చాయి, ఏడవకుండానే పోయాయి. అప్పటికి మళ్ళీ ఏడో నెల. మా దేశపు దేవుళ్ళకూ మొక్కాను, వీళ్ళ దేవుడికీ మొక్కాను. ఈసారి బిడ్డ ఏడుపు వినాలి. ఈ ముసలి ఫిబ్బాకు అంతకు మించిన కోరిక లేదు.

కుంబా ఆ ముందటి చలికాలంలో వచ్చింది. చార్లెస్ టౌన్ సంతలో కొని తెచ్చి నా గుడిసెలోకి తోశారు. వరి పండించే దేశం పిల్ల, గాంబియా నది అవతలిది. పొడుగాటి చేతులు, ఊరుకోని నోరు. ఆ నోటి పుణ్యమా అని మా కలగాపులగం భాష నెలల్లోనే పట్టేసింది. నన్ను అత్తా అనేది, జూబాను అక్కా అనేది. ఓడలో దానికి ఏమేం జరిగిందో నేను అడగలేదు, అది చెప్పలేదు. సాయంత్రాలు జూబా పాదాలకు కొవ్వు రాస్తూ, పొట్ట మీద చెయ్యి పెట్టి లోపలి బిడ్డతో తన భాషలో ఏవో ఊసులు చెప్పేది. జూబా పడీ పడీ నవ్వేది. కూతురు నవ్వగా విని ఎన్నాళ్ళయిందో నాకు. ఆ ఒక్క పనికే ఆ పిల్ల మీద నాకు ప్రాణం.

చలికాలమంతా రోటి దగ్గర వడ్లు దంచింది. తర్వాత మాతో పాటు గుంపులో విత్తనం చల్లి, మడమతో మన్ను కప్పింది. కలుపు పని, గూటాల మడి దానికి అదే మొదలు. ఆ ఉదయం సిపియో గూటాలు పాతుతుంటే దాని మొహం వెలిగిపోయింది.

"అత్తా! ఇక్కడ కూడా పందెం ఉందా? చెప్పవేం మరి!"

"పందెమూ లేదు గిందెమూ లేదు. మెల్లగా కానీ," అన్నాను.

అది పకపకా నవ్వింది. "ఓడిపోయేవాళ్ళు మా ఊళ్ళోనూ అట్లాగే అంటారులే!"

వాళ్ళ ఊళ్ళో సంగతి తర్వాత చెప్పింది. తొలి కలుపు నాడు ఈడు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, ఇలాగే గూటాలు పాతి, డోలు కొడతారట. అందరికన్నా ముందు మడి ముగించిన పిల్ల గట్టెక్కి కూర్చుని, చేను గలాయనను ఒక కోరిక కోరుతుందట. ఊరందరి ముందు ఆయన కాదనకూడదట. ఏటా ఇదే గెలిచేదట. ఒకసారి వాళ్ళమ్మకు పాడి ఆవును అడిగిందట. ఇంకోసారి, తనను ఏడిపించిన చేను గలాయన కొడుకు చేత ఊరంతటికీ నీళ్ళు మోయించిందట. పెద్దవాళ్ళు "మెల్లగా, మెల్లగా" అని వెనక్కి లాగడం కూడా ఆ పందెంలో ఒక వేళాకోళమేనట. నేను నిజంగా చెప్పిన మాట దాని చెవికి వేళాకోళంలా వినపడింది.

పార ఎత్తింది. తనే ఒక పాట అందుకుంది. డోలు లేదు కదా, అడుగుతో నేలను తన్నుతూ తాళం వేసుకుంది. పార లేవడం కనపడేది, దిగడం కనపడేది కాదు. ఒక్క వరి మొక్క తెగలేదు, ఒక్క కలుపు మొక్క మిగల్లేదు. చూడముచ్చటగా ఉందంటే కాదనను. అందుకే మరీ భయమేసింది.

"ఏమే, వెనకాల మొసలి గానీ తరుముతోందా?" అని పక్క మడిలోంచి డైడో అరిచింది.

"తరమడానికి దానికి నేను అందాలిగా!"

"నీ నడుం పడిపోను, కాస్త ఊపిరి పీల్చుకోవే!"

"నీ చేతులకు చీమలు పట్టాయి పిన్నీ, దులుపుకో ముందు!"

సిపియో దాని దగ్గరకు వచ్చి పళ్ళ బిగువున ఏదో అన్నాడు. అది అతనికి కన్ను కొట్టి, ఇంకా జోరు పెంచింది. ఇంతలో గట్టు మీద గుర్రం ఆగింది. హాకెట్ చాలాసేపు చూశాడు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కుంబా మడి అయిపోయింది.

అది దర్జాగా గట్టెక్కి కూర్చుంది. హాకెట్ గుర్రం దిగాడు, తన మెడకున్న ఎర్ర గుడ్డ విప్పాడు, ఆ పిల్ల తలకు కట్టాడు. అప్పుడు కుంబా లేచి, గొంతు సవరించుకుని, జూబా వైపు చెయ్యి చాపింది.

"నేను గెలిచా. నా కోరిక. ఆ అక్క చేలోకి రాకూడదు. బిడ్డ పుట్టేదాకా రాకూడదు."

పరాయి దేశంలో, పరాయి భాషలో, తన కోసం ఒక్క మాట అడక్కుండా నా కూతురి కోసం అడిగింది. హాకెట్ మొదట తెల్లబోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు.

"అలాగే! అట్లాగే కానిద్దాం. రేప్పొద్దున చూస్తాగా," అన్నాడు.

ఆ సాయంత్రం జూబా సంకటి మారు వడ్డించుకుని తిన్నది. కుంబా ఆ ఎర్ర గుడ్డను విప్పి కట్టి, విప్పి కట్టి మురిసిపోయింది. ఈ నది ఒడ్డున తల నెరిసిన దాన్ని, నాకైనా బుద్ధి ఉండాలి కదా? లేదు. ఆశ అంత సిగ్గులేనిది. ఏమో, ఒక్కసారికి వాడు మనిషిలా మాట్లాడాడేమో అనుకున్నాను.

తెల్లవారింది. సిపియో వచ్చాడు. అతని చేతిలో ఉన్నది కొత్త కర్ర. బెరడు తీసిన తెల్లటి కర్ర, పాతదాని కన్నా పొడుగు. అతను మా మొహాలు చూడలేదు. కొలిచాడు, గూటాలు పాతాడు. అవి నిన్నటి చోటు దాటి ఎక్కడో దూరాన దిగాయి. డైడో చేతిలో పార కింద పడేసి, మట్టిలో చతికిలబడింది. కుంబా చేసిన పనిని మా అందరి పనిగా చేశారు. కొలత ఇంకో సగం పెరిగింది. ఇంటి వెనక దుంపల చెక్క పోయింది, చేపల వేట పోయింది, నేను జూబా మడిలో దిగే పూట పోయింది. చివరి గూటాలు సిపియో జూబా కాళ్ళ ముందు పాతాడు.

కుంబా గూటాల వంక చూసింది, జూబా వంక చూసింది. గుర్రం దగ్గరకు పరుగెత్తింది.

"నేను గెలిచా! అలాగే అన్నావు! అందరూ విన్నారు!"

"కాదన్నానా? నేనేం మాట తప్పలేదే!" అన్నాడు హాకెట్ తాపీగా. "దాన్ని ఇంట్లో కూర్చోబెట్టు, నాకేం? దాని మడి కూడా నువ్వే చెయ్యి. నీకు రెక్కలున్నాయిగా!"

"గెలిచినదానికి ఇంకో మడా?"

ఆ మాట అడిగినప్పుడు దాని మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. కోపం కాదు, ఏడుపూ కాదు. అర్థం కాలేదు దానికి. గెలిచిన మనిషికి పని పెంచే లోకం ఒకటి ఉంటుందని దానికి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా వీళ్ళ దుర్మార్గమంతా చూసేశాననుకున్నాను. చూడలేదు.

అది రెండు మళ్ళూ చేసింది. ఆ రోజూ చేసింది, మర్నాడూ చేసింది. నా మడి ముగించి, చీకటి పడేవేళకు నేనూ పోయి చెయ్యి వేసేదాన్ని. పాట లేదు. ఎర్ర గుడ్డ ఎక్కడో పారేసింది. ఆడవాళ్ళు దాని పక్కన నిలబడి నీళ్ళు తాగేవారు కాదు. "నీ చేతులు విరగ" అని డైడో దాని మొహం మీదే అనేది. అది తల దించుకుని, "విరగనీ పిన్నీ" అనేది. తప్పు ఎవరిదో మాకు తెలియక కాదు. గుర్రం మీద ఉన్నవాణ్ణి అనలేం కాబట్టి పక్కన ఉన్నదాన్ని అన్నాం.

కొన్నాళ్ళకు దానికి జ్వరం పట్టుకుంది. ఒణుకుతూనే చేలోకి వచ్చింది. తన మడి అయింది గానీ, జూబా మడిలో కొన్ని సాళ్ళు మిగిలిపోయాయి. పొద్దు గుంకుతోంది. హాకెట్ వచ్చాడు, చూశాడు.

"ఎవరిదీ మడి?"

రెండోసారి అడిగాక సిపియో, "జూబాది దొరా," అన్నాడు.

"పిలువు."

గుడిసెలోంచి జూబాను నడిపించుకొచ్చారు. అది ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని వచ్చింది. హాకెట్ నేల వైపు వేలు చూపించాడు. సిపియో పార తీసుకుని గట్టు పక్క మెత్తటి నేలలో తవ్వడం మొదలుపెట్టాడు. గుండ్రంగా, కుండ పట్టేటంత గొయ్యి.

కుంబా నా చెవి దగ్గర అడిగింది. "ఏం నాటుతారత్తా అక్కడ?"

నా గోళ్ళు దాని చేతిలో దిగబడ్డాయి. అది మళ్ళీ అడిగింది. ఇంక చెప్పక తప్పలేదు.

"అక్కను బోర్లా పడుకోబెడతారు. పొట్ట ఆ గోతిలో పెట్టమంటారు. బిడ్డకు దెబ్బ తగలకూడదని."

"బిడ్డకు తగలకూడదని?"

"ఆ బిడ్డ పెద్ద దొర సొత్తు. అమ్మ వీపు మీద కొరడా దెబ్బలు ఎన్ని పడినా పరవాలేదు."

కుంబా నా వంక చూసింది. ఓడలో బతికి బయటపడిన పిల్ల, సంతలో పళ్ళు చూపించి నిలబడిన పిల్ల, ఆ గొయ్యి చూసి నోరు తెరుచుకుని ఉండిపోయింది. వీళ్ళకు కడుపులో బిడ్డంటే ఏమిటో తెలుసు. ఎక్కడ తగిలితే ఏమవుతుందో తెలుసు. తెలిసి, కొలతగా గొయ్యి తవ్వుతారు. తెలియక చేసే మృగాలైతే మేము ఇంత బెదిరిపోయేవాళ్ళం కాదు.

సిపియో తవ్వి పక్కకు జరిగాడు. జూబా మోకాళ్ళ మీద ఒంగబోయింది. కుంబా నా చెయ్యి విడిపించుకుని ఉరికింది. దాని పార ఆడింది. మేము కన్ను మూసి తెరిచేలోగా గొయ్యి పూడిపోయింది. అది దాని మీద నిలబడి కాళ్ళతో తొక్కి సాపు చేసింది.

"తవ్వు మళ్ళీ," అన్నాడు హాకెట్.

సిపియో ఇంకో చోట తవ్వాడు. అది పూడ్చింది. మళ్ళీ తవ్వాడు, మళ్ళీ పూడ్చింది. అతను తవ్వే వేగం కన్నా అది పూడ్చే వేగం ఎక్కువ. సిపియో కావాలనే మెల్లగా తవ్వుతున్నాడని నాకు అనిపించింది, దేవుడు అతణ్ణి చల్లగా చూడాలి. జ్వరంతో దాని ఒళ్ళు కాలిపోతోంది. చెమట మట్టి మీద కారుతోంది. జూబా నా ఒళ్ళో పడి, "ఒద్దని చెప్పమ్మా, దాన్ని చంపేస్తాడు" అని ఏడుస్తోంది. మేమంతా హాకెట్ చేతి వంక చూస్తున్నాం. నడుముకు తుపాకీ ఉంది. వాడు దాన్ని తీస్తాడని ఎదురుచూశాం.

వాడు తుపాకీ తియ్యలేదు. అరవనూ లేదు. ఆ ఎర్ర గుడ్డ కట్టిన నాటి చూపుతోనే దాని చేతుల్ని చూస్తున్నాడు. ఎదురు తిరిగిన మనిషి వాడికి కనపడలేదు. రెక్కలు కనపడ్డాయి.

"చూశావట్రా సిపియో?" అన్నాడు. "జ్వరంలోనే ఇంత మట్టి లాగుతోంది! దీన్ని కలుపులో పెట్టి పాడుచేస్తున్నాం. రేపట్నించి బాడవలో కాలవ తవ్వకానికి పంపు."

గుర్రం తిప్పాడు. "దీని సంగతా? పోనీలే, చీకటి పడింది," అని జూబా వైపు చెయ్యి విదిలించి వెళ్ళిపోయాడు.

నా కూతురు బతికిపోయింది. ఎలా బతికిపోయిందో చూశాక నాకు సంతోషం రాలేదు. మా ఏడుపు వాడికి వినపడదు సరే. మా తిరుగుబాటు కూడా వాడికి పనిలాగే కనపడుతుందని ఆ సాయంత్రం తెలిసింది.

బాడవ అంటే మోకాలి లోతు నల్ల నీళ్ళు. పెద్ద పెద్ద మొద్దులు, దోమలు, పాములు. అక్కడికి మగవాళ్ళనే పంపుతారు, వాళ్ళూ ఎక్కువ కాలం ఉండరు. తెల్లారగానే కుంబాను తీసుకుపోయారు. జూబా మడి మాత్రం అలాగే ఉంది, తెల్ల కర్ర కొలతలోనే. ఆ రోజు డైడో తన మడి కన్నా ముందు జూబా మడిలో రెండు సాళ్ళు చేసి పోయింది. ఆమె వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. బిడ్డ పుట్టేదాకా అలాగే నడిచింది. జూబా మడి ఎప్పుడూ మిగల్లేదు, మేమంతా చీకట్లోనే ఇళ్ళు చేరాం.

ఆడపిల్ల పుట్టింది. గుడిసె కప్పు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. ఆ ఆదివారం నేను బాడవకు పోయాను. గట్టు మీద కూర్చున్న మగవాళ్ళు నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. "మీ పిల్ల వచ్చాక మా కొలతా పెరిగిందే ముసలీ," అన్నాడు ఒకడు. తిట్టలేదు.

కుంబా ఒక మొద్దుకు జారబడి కూర్చుని ఉంది. పొడుగాటి చేతులు పుల్లలైపోయాయి. కాళ్ళు నానిపోయి తెల్లబారాయి. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"పుట్టిందే," అన్నాను. "ఆడపిల్ల. అరుపులే అరుపులు."

దాని మొహంలో పాత కుంబా ఒక్క క్షణం కనపడింది. "అక్క బాగుందా? పాలు పడ్డాయా?" అని అడిగింది. అన్నిటికీ తలూపాను. తెచ్చిన దుంప విరిచి నోట్లో పెట్టాను, నమలడానికి దానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"అత్తా, దానికి పరుగెత్తడం నేర్పొద్దు. నడకే మెల్లగా నేర్పు."

వరి కోతలకు ముందే కుంబా పోయింది. బాడవలోనే పాతారు. ఎక్కడో మాకు చూపించలేదు.

మనవరాలికి ఇప్పుడు కాళ్ళు వచ్చాయి. కుదురుగా నడిచే రకం కాదు, వాకిట్లో కోడిపిల్లల వెనక పడి దౌడు తీస్తుంది. లోకంలో అమ్మమ్మలంతా ఆ దౌడు చూసి మురిసిపోతారు. నేను వెనకాల పడి పట్టుకుని, పిక్కల మీద రెండు అంటించి, అడుగు తీసి అడుగు వేయించి మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తాను. అది నా మొహంలోకి చూసి, తను చేసిన తప్పేమిటో తెలియక ఏడుస్తుంది.